వానల్లో విటమిన్‌-డి వేసుకునే ముందు

తొలకరి పడి ఇంటికొక జ్వరం మొదలైతే చాలు, బెజవాడ మందుల షాపుల్లో "ఆ అరవై వేలది ఒక స్ట్రిప్పు ఇవ్వండి" అనే మాట వినిపిస్తుంది, అంటే 60,000 యూనిట్ల విటమిన్‌-డి గోలీ. కరోనా నేర్పిన అలవాటు. డి తక్కువైతే వైరల్ జబ్బు ముదురుతుందని అప్పుడు అందరం విన్నాం.

అందులో సగం నిజమే. సీరియస్ అయినవాళ్లలో చాలామందికి డి తక్కువగానే తేలింది. కానీ వయసు పైబడినా, ఒళ్లొచ్చినా డి తక్కువే ఉంటుంది, జబ్బు ముదిరేదీ వాళ్లకే. పైగా జబ్బు చేసినప్పుడు కూడా రక్తంలో డి పడిపోతుంది. బ్రెజిల్‌లో కరోనాతో ఆస్పత్రిలో చేరినవాళ్లకి ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. డిశ్చార్జి ఏమీ తొందరగా కాలేదని 2021లో తేలింది.

లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే, ఎముకలకైనా అవసరం. జ్వరం లేనప్పుడు టెస్టు చేయించుకోండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపమనే అంటారు.

అసలు భయం ఆ 60,000 గోలీతోనే. డాక్టర్లు మామూలుగా అది వారానికొకటి రాస్తారు, అదీ కొన్ని వారాలే. ఇంట్లో పెద్దవాళ్లు బీ-కాంప్లెక్స్ లాగా రోజూ అన్నం తిన్నాక వేసేసుకుంటారు. స్ట్రిప్పు మీద "ఆదివారం మాత్రమే" అని పెన్నుతో రాసిపెట్టండి. రోజుకి కావాల్సింది 600-800 యూనిట్లే. ఎక్కువైన డి మూత్రంలో పోదు, కొవ్వులో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, అయోమయం వస్తాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఎండ సంగతి. కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున చేసే వాకింగ్ గుండెకి మంచిదే గానీ డి పెద్దగా రాదు. 11 నుంచి 2 మధ్య ఎండే పనికొస్తుంది, కారు అద్దం వెనక నుంచి పడేది కాదు. మే నెలలో ఆ మాట ఎవరితోనూ అనలేం. వానాకాలంలో ఎండ తొంగిచూసినప్పుడు చేతులు తగిలేలా కాసేపు నిలబడితే చాలు.

డి ఎంతున్నా దోమ కుట్టక మానదు. కూలర్లో నిలిచిన నీళ్లు, మేడ మీది కుండీల కింద పళ్లేలు వారానికోసారి ఒంపేయండి. జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.