అమెరికా పన్ను కేసుల్లో కాలపరిమితి, 3వ పాఠం: ఆరేళ్లు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. ఒకాయన 2018 సంవత్సరపు రిటర్న్‌కు ఫారం 4868 పంపి 2019 అక్టోబరు 15 దాకా వాయిదా తీసుకున్నారు. ఆ తర్వాత రిటర్న్ వేయలేదు, పన్నూ కట్టలేదు. ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ప్రభుత్వానికి ఆఖరి రోజు ఏది?

2025 ఏప్రిల్ 15 అని రాస్తే తప్పు. ఇక్కడ రెండు నేరాలున్నాయి, వాటికి రెండు వేర్వేరు గడువులు. ఫారం 4868 రిటర్న్ వేయడానికే వాయిదా ఇస్తుంది, డబ్బు కట్టడానికి ఇవ్వదు. కాబట్టి రిటర్న్ వేయని నేరం 2019 అక్టోబరు 15 దాటాకే పూర్తవుతుంది, దాని మీద కేసు పెట్టడానికి ఉన్న ఆరేళ్ల గడువు 2025 అక్టోబరు 15తో ముగుస్తుంది. పన్ను మాత్రం 2019 ఏప్రిల్ 15కే కట్టాలి. కట్టని నేరానికి ఆరేళ్లు ఆ తేదీ నుంచే మొదలవుతాయా అంటే, కచ్చితంగా అవుతాయని చెప్పలేం. ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ ప్రశ్న గురించే.

ముందు సెక్షన్ చూసుకోండి

ఫెడరల్ పన్ను నేరాల గడువంతా అంతర్గత రెవెన్యూ చట్టం సెక్షన్ 6531లో ఉంది. అక్కడ మామూలు గడువు మూడేళ్లు, కొన్ని నేరాలకు మాత్రం ఆరేళ్లు. పన్ను కావాలని కట్టకపోవడం, రిటర్న్ కావాలని వేయకపోవడం, పన్ను ఎగవేత, అబద్ధపు రిటర్న్ మీద సంతకం, అలాంటి రిటర్న్ తయారీకి సాయం చేయడం, వీటన్నిటికీ ఆరేళ్లే. నిజంగా కోర్టుకు వెళ్లే కేసుల్లో ఎక్కువ ఇవే కాబట్టి ‘ఆరేళ్ల గడువు’ అన్న మాట వాడుకలోకి వచ్చింది.

పొరపాటు జరిగేది సెక్షన్ 7203 దగ్గర. రిటర్న్ వేయకపోవడం, పన్ను కట్టకపోవడం, లెక్కల పుస్తకాలు ఉంచకపోవడం, అడిగిన సమాచారం ఇవ్వకపోవడం, ఈ నాలుగూ ఆ ఒక్క సెక్షన్‌లోనే ఉన్నాయి. మొదటి రెండింటికే ఆరేళ్లు, మిగతా రెండింటికి మూడేళ్లు. ఎవరికి ఎంత జీతం, ఎంత చెల్లింపు ఇచ్చారో తెలిపే డబ్ల్యూ-2, 1099 లాంటి సమాచార రిటర్న్‌లు వేయకపోయినా మూడేళ్లే. నోటీసులో ‘సెక్షన్ 7203’ అని మాత్రమే కనిపిస్తే అది ఈ నాలుగింటిలో దేని గురించో తేల్చుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలున్నవాళ్లు వేయాల్సిన ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక) ఈ చట్టం కిందకే రాదు. అది బ్యాంకు రహస్య చట్టం కిందది. దాని క్రిమినల్ గడువు ఐదేళ్లు, లెక్క పద్ధతి కూడా వేరు. దాన్ని ఈ పాఠంతో కలపకండి.

రిటర్న్ వేసిన కేసుల్లో మొదటి రోజు

ఇది తేలిక. అబద్ధపు రిటర్న్ వేసిన కేసులో రిటర్న్ వేసిన రోజు నుంచి లెక్క. రిటర్న్ వేయాల్సిన ఆఖరి తేదీ కంటే ముందే వేస్తే మాత్రం, సెక్షన్ 6513 ప్రకారం అది ఆ ఆఖరి తేదీనాడే వేసినట్టు. 2023 సంవత్సరపు రిటర్న్ 2024 ఫిబ్రవరి 10న ఈ-ఫైల్ చేస్తే ఆరేళ్లు 2024 ఏప్రిల్ 15 నుంచి మొదలై 2030 ఏప్రిల్ 15తో ముగుస్తాయి. అదే రిటర్న్ వాయిదా తీసుకుని సెప్టెంబరు 2న వేస్తే 2024 సెప్టెంబరు 2 నుంచే లెక్క, ఆఖరి రోజు 2030 సెప్టెంబరు 2. ఈ రెండో సూత్రాన్ని సుప్రీంకోర్టు 1968లో హేబిగ్ కేసులో ఖాయం చేసింది. అంటే ముందుగా వేసినందువల్ల కేసు గడువు త్వరగా ముగియదు, ఆలస్యంగా వేస్తే మాత్రం ఆలస్యంగా ముగుస్తుంది.

అసలు రిటర్నే వేయని కేసులో ఆ ఏడాది నిజమైన గడువు తేదీ ఏదో చూడాలి. ప్రతి ఏడూ ఏప్రిల్ 15 అనుకుంటే దెబ్బ తింటారు. కోవిడ్ వల్ల 2019 సంవత్సరపు రిటర్న్‌ల గడువు 2020 జులై 15కు, 2020 సంవత్సరపువి 2021 మే 17కు జరిగాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపాను వల్ల టెక్సస్, ఓక్లహోమా, లూసియానా వాళ్లకు అది 2021 జూన్ 15 అయింది. డల్లాస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. వాళ్ల 2020 లెక్కలు చూసేటప్పుడు ఈ తేదీ మరవకండి.

పన్ను కట్టని కేసులో మొదటి రోజు

ఇక కష్టమైన భాగం. పన్ను బాకీ ఉండటం నేరం కాదు. కట్టాలని తెలిసీ, కావాలని కట్టకపోవడమే నేరం. ‘కావాలని’ అంటే తనకు తెలిసిన చట్టపు బాధ్యతను స్వచ్ఛందంగా, ఉద్దేశపూర్వకంగా మీరడమని సుప్రీంకోర్టు 1991లో చీక్ కేసులో చెప్పింది. ఆ ఉద్దేశం లేనిదే నేరం పూర్తి కాదు, నేరం పూర్తి కానిదే గడువూ మొదలవదు. 1973లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆండ్రోస్ కేసులో పట్టుకున్నది ఈ మాటనే. పన్ను ఖరారు చేసిన రోజూ, నోటీసు పంపిన రోజూ ఇక్కడ లెక్కలోకి రావు. కట్టకపోవడం ఏ రోజు ‘కావాలని’ అయిందో ఆ రోజే మొదటి రోజు.

అంకెలు వేసి చూడండి. ఒక కుటుంబం 2018 రిటర్న్ సకాలంలో వేసింది, 48,000 డాలర్లు బాకీ చూపింది. 2019 ఏప్రిల్ 15న చేతిలో డబ్బు లేదు. 2020 నవంబరు 20న ఇల్లు అమ్మారు, లక్షన్నర డాలర్లు ఖాతాలో పడ్డాయి. బాకీ నోటీసులు అందుతూనే ఉన్నాయి. ఆ డబ్బుతో కొత్త కారు కొన్నారు, మిగిలింది వేరే చోట పెట్టుబడి పెట్టారు. ప్రాసిక్యూటర్ 2020 నవంబరు 20నే మొదటి రోజుగా తీసుకుంటాడు, ఆఖరి రోజు 2026 నవంబరు 20. అదే 2019 ఏప్రిల్‌లోనే డబ్బుండి, తెలిసీ కట్టలేదని రుజువైతే ఆరేళ్లు 2025 ఏప్రిల్ 15నే అయిపోయాయి.

ఇందులో ఒక చిక్కుంది. ‘అప్పుడు నా దగ్గర డబ్బు లేదండీ’ అనే మాట 2019 నాటి ఉద్దేశాన్ని కొట్టేస్తుంది. కానీ అదే మాట గడువు మొదటి రోజును తర్వాతి తేదీకి నెడుతుంది. ‘గడువు దాటింది’ అనే వాదన, ‘నాకు ఉద్దేశమే లేదు’ అనే వాదన ఒక్కోసారి ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. అందుకే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ క్రిమినల్ ఇన్వెస్టిగేషన్ ఏజెంట్లు తలుపు తట్టినప్పుడు డబ్బు ఎప్పుడుంది, ఎప్పుడు లేదు అని అప్పటికప్పుడు వివరించబోవడం ప్రమాదం. మర్యాదగా ఏజెంటు కార్డు తీసుకుని, మా లాయరు మాట్లాడతారని చెప్పడం మంచిది.

కట్టకపోవడంతో ఆగకుండా డబ్బు దాస్తే కథ మారుతుంది. అది సెక్షన్ 7201 ఎగవేత, ఐదేళ్ల దాకా జైలు. ఊరికే కట్టకపోతే ఈ సెక్షన్ వర్తించదు, ఏదో ఒక చర్య ఉండాలని 1943 నాటి స్పైస్ తీర్పు. ఈ నేరానికి గడువు ఆఖరి ఎగవేత చర్య నుంచి నడుస్తుంది. వసూలు అధికారికి ఆస్తులు, ఆదాయం వివరాలు చూపే ఫారం 433-ఎ ఇచ్చేటప్పుడు ఆస్తుల వరుసలో హైదరాబాద్ ప్లాటునూ, అమ్మపేరు కలిపి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌నూ కావాలని వదిలేసి 2021 జూన్ 30న సంతకం చేశారనుకోండి. బాకీ 2018 దే అయినా కొత్త మొదటి రోజు 2021 జూన్ 30, ఆఖరి రోజు 2027 జూన్ 30. ఇలాంటి ప్రతి సంతకమూ లెక్కను మళ్లీ మొదటికి తెస్తుంది. ఏళ్లు గడిచాయని ధీమాగా ఉన్నవాళ్లు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే.

జీతాల నుంచి పట్టుకున్న పన్ను

మోటెళ్లు, గ్యాస్ స్టేషన్లు, ఐటీ కన్సల్టింగ్ కంపెనీలు నడిపేవాళ్లు ఇది చదవాలి. ఉద్యోగి జీతంలోంచి కోసిన పన్ను యజమాని డబ్బు కాదు. దాన్ని ఐఆర్‌ఎస్‌కు జమ చేయకుండా అద్దెకో సరుకుకో వాడుకుంటే సెక్షన్ 7202, ఐదేళ్ల జైలు. దీనికి మూడేళ్లా ఆరేళ్లా అని చాలాకాలం వాదన నడిచింది. 1997లో మూడో సర్క్యూట్, 2002లో ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టులు ఆరేళ్లని తేల్చాయి, లెక్క ఆరేళ్లకే వేసుకోండి. జీతాల నుంచి కోసిన పన్ను లెక్క చూపే ఫారం 941 మూడు నెలలకోసారి వేసేదే అయినా, ఏడాదిలోని త్రైమాసికాల ఫారాలు మరుసటి ఏప్రిల్ 15 లోపు వేసివుంటే వాటిని ఆ ఏప్రిల్ 15నే వేసినట్టు 6513 భావిస్తుంది. 2022 మార్చి త్రైమాసికానికి ఏప్రిల్‌లోనే 941 వేసినా మొదటి రోజు 2023 ఏప్రిల్ 15. త్రైమాసికం ముగిసిన రోజు నుంచి లెక్కపెడితే ఏడాదికి పైగా తేడా వస్తుంది.

ఊరెళ్లిన రోజులు

మన పాఠకులకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నిందితుడు అమెరికా బయట ఉన్న కాలం ఆరేళ్లలోకి రాదని 6531 చెబుతుంది. పారిపోవాలన్న ఉద్దేశం ఉండాల్సిన పని లేదు. తమ్ముడి పెళ్లికి వచ్చినా, నాన్నగారి ఆపరేషన్‌కు వచ్చినా, ఆఫీసు పనిమీద సింగపూర్ వెళ్లినా ఆ రోజులు తీసేయాల్సిందే. సెలవు యాత్రలకూ ఇదే సూత్రాన్ని అప్పీల్ కోర్టులు వర్తింపజేశాయి.

లెక్క ఇలా వేయండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసి బయల్దేరిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, రోజులు, ఆధారం రాయండి. ఆధారానికి పాస్‌పోర్టులో శంషాబాద్ ఇమిగ్రేషన్ ముద్రలు, విమాన టికెట్లు పనికొస్తాయి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఐ-94 ప్రయాణ చరిత్ర ఆన్‌లైన్లో దొరుకుతుంది. పాత పాస్‌పోర్టు పారేయకండి. వెళ్లిన రోజు, వచ్చిన రోజు సగం సగం అయినా రెంటినీ బయటి రోజులుగానే వేసుకోండి. మనకు కావాల్సింది ప్రభుత్వం అడగగల ఆఖరి తేదీ. తక్కువ లెక్కించి మోసపోవడం కంటే ఎక్కువ లెక్కించడం మేలు.

2018 రిటర్న్ వాయిదా లేకుండానే ఎగ్గొట్టిన కేసులో మామూలు ఆఖరి రోజు 2025 ఏప్రిల్ 15. 2019 డిసెంబరు, 2020 జనవరి కలిపి 42 రోజులు, 2023లో 30 రోజులు ఇండియాలో ఉంటే మొత్తం 72. ఏప్రిల్ 15కు 72 కలిపితే 2025 జూన్ 26.

ఒక జాగ్రత్త. ఈ పట్టిక మీ సీపీఏకు (అకౌంటెంట్‌కు) ఇవ్వకండి. పన్ను సలహాదారుతో మాటలకు చట్టం ఇచ్చే గోప్యత (సెక్షన్ 7525) క్రిమినల్ వ్యవహారాలకు వర్తించదు. ఆయనకు సమన్లు వస్తే ఆ కాగితం ఇవ్వాల్సిందే. క్రిమినల్ లాయరే అకౌంటెంట్‌ను నియమించుకుంటే ఆ పని లాయరు గోప్యత కిందకు వచ్చే వీలుంటుంది.

గడువును పొడిగించే మరికొన్ని దారులు

గడువులోపు జరగాల్సింది విచారణ కాదు, అరెస్టూ కాదు. కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ ఇండైట్‌మెంట్ (అభియోగ పత్రం) ఇవ్వాలి. సెక్షన్ 7203 కింద చిన్న నేరమైతే గ్రాండ్ జ్యూరీ లేకుండా ప్రాసిక్యూటర్ నేరుగా ‘ఇన్ఫర్మేషన్’ అనే అభియోగ పత్రం దాఖలు చేసినా చాలు. ఇండైట్‌మెంట్‌ను బయటపెట్టకుండా సీలు వేసి ఉంచవచ్చు, కాబట్టి ఆఖరి రోజు దాటాక వారం పాటు ఏ కబురూ లేకపోతే తప్పించుకున్నట్టు కాదు.

ఆ రోజుకు గ్రాండ్ జ్యూరీ కూర్చునే వీలు లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేయవచ్చు. అప్పుడు గడువు ఫిర్యాదు తేదీ నుంచి తొమ్మిది నెలలకు పొడుగవుతుంది. 2025 ఏప్రిల్ 10న ఫిర్యాదు వేస్తే 2026 జనవరి 10 దాకా అన్నమాట. ఫిర్యాదులో నేరం జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం ఉండాలి, ఖాళీ కాగితం వేసి టైం కొనుక్కోవడం కుదరదని 1965లో జాబెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

విదేశీ బ్యాంకు వివరాల కోసం ఆ దేశాన్ని అధికారికంగా అడిగితే, ఇండైట్‌మెంట్‌కు ముందే కోర్టు అనుమతితో గడువు గరిష్ఠంగా మూడేళ్లు ఆగిపోవచ్చు. ఇండియా, అమెరికాల మధ్య క్రిమినల్ వ్యవహారాల పరస్పర సహాయ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది, కాబట్టి ఇది ఉత్త మాట కాదు. మీ బ్యాంకుకు ఐఆర్‌ఎస్ పంపిన సమన్లను కొట్టేయమని మీరే కోర్టుకెళ్లినా ఆ కేసు నడిచినంత కాలం గడువు ఆగుతుంది. ఆ పిటిషన్ వేసేముందు ఎన్ని నెలలు ప్రభుత్వం చేతిలో పెడుతున్నారో లాయరును అడగండి.

ఇదంతా జైలు సంగతి. డబ్బు సంగతి వేరు. పన్ను ఖరారైన నాటి నుంచి వసూలుకు మామూలుగా పదేళ్లు. రిటర్న్ వేయకపోయినా, మోసపు రిటర్న్ వేసినా ఖరారు చేయడానికి అసలు గడువే లేదు. క్రిమినల్ గడువు దాటాక కూడా జీతం మీద లెవీ (జప్తు) రావచ్చు.

అభ్యాసం

హ్యూస్టన్‌లో ఉండే ఒకామె 2020 సంవత్సరపు రిటర్న్ వేయలేదు, వాయిదా కూడా అడగలేదు. 2022 డిసెంబరు 20న విజయవాడ బయల్దేరి 2023 జనవరి 24న తిరిగొచ్చారు. మరెప్పుడూ దేశం దాటలేదు. రిటర్న్ వేయని నేరానికి ఆఖరి రోజు కట్టండి. తర్వాత అదే లెక్క ఆమె న్యూజెర్సీలో ఉండి ఉంటే ఎంతో కట్టండి. వచ్చే పాఠం ఈ రెండు తేదీలతో మొదలై, గడువు ముగియకముందే స్వచ్ఛంద వెల్లడికి ఫారం 14457 నింపే పద్ధతిలోకి వెళ్తుంది.