వేసవి తెల్లవారుజామున లింకు పడిపోతే డిష్ కదపకండి

శ్రీకాకుళం తీరంలో దూరపు రేడియో లింకులు (రెండు టవర్ల మీది డిష్‌ల మధ్య గాలిలో నెట్ పంపే ఏర్పాట్లు) నడిపేవారికి మార్చి నెలాఖరు నుంచి తొలకరి వరకూ గడ్డుకాలం. ఎండ వేడికి సిగ్నల్ బలహీనపడుతుందని చాలామంది అనుకుంటారు గాని, ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి 45కు పెరిగినా రిసీవర్‌లో పెరిగే ఉష్ణశబ్దం (వేడివల్ల పుట్టి సిగ్నల్‌కు అడ్డుపడే గోల) అర డెసిబెల్ కూడా ఉండదు; డెసిబెల్ అంటే సిగ్నల్ బలంలో తేడాను కొలిచే ప్రమాణం. అసలు చిక్కంతా గాలి పొరల్లోనే ఉంది.

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక తరంగం కొద్దిగా నేలవైపు వంగి ప్రయాణిస్తుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల త్వరగా చల్లారి, కింద చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి పేరుకున్నప్పుడు, లేదా సముద్రపు తేమగాలి మీద మెట్ట నుంచి వచ్చిన పొడి వేడిగాలి పరుచుకున్నప్పుడు, తరంగం మరీ ఎక్కువ వంగి డిష్‌ను తప్పిపోతుంది. లేకుంటే రెండు మూడు దారుల్లో వచ్చి తనను తానే దెబ్బతీసుకుంటుంది. నౌపడ ఉప్పుమడుల వంటి చదునైన నీటిమీదుగా పోయే లింకుకు ఆ నీటిపై ప్రతిఫలించి వచ్చే తరంగం కూడా తోడవుతుంది.

ఒక ఏప్రిల్‌లో తెల్లవారుజామున అయిదింటికి అలాంటి లింకు సిగ్నల్ మైనస్ 58 డీబీఎం నుంచి మైనస్ 79కి పడిపోతే (ఈ కొలతలో సున్నాకు దూరమయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనమని అర్థం), నేను టవరెక్కి డిష్‌ను కాస్త పైకి తిప్పి, సిగ్నల్ కొంత పెరిగిందని దిగివచ్చాను. తొమ్మిది దాటి గాలి పొరలు కలిసిపోయాక చూస్తే, నేను డిష్‌ను తిప్పేసినందువల్ల లింకు మైనస్ 70 దగ్గరే ఆగిపోయింది. అవతలి ఊరి ఆరోగ్య కేంద్రానికి ఆ రోజంతా నెట్ సరిగా అందలేదు.

అందుకే మార్చిలోనే అయిదేసి నిమిషాలకొకసారి సిగ్నల్ స్థాయి నమోదయ్యేలా పెట్టుకోండి. తెల్లవారుజామున పడి, ఎండెక్కాక దానంతటదే లేచే లింకును ముట్టుకోవద్దు. పగలంతా పడిపోయే ఉన్నదానికి మాత్రమే డిష్, కనెక్టర్, కేబుల్ చూడండి. డిష్ సరిచూడటానికి ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపు మంచి సమయం: అప్పటికి గాలి పొరలు కలిసిపోతాయి, టవర్ ఇనుము ఇంకా చెయ్యి కాలేంత వేడెక్కదు.

తరంగం తక్కువ వంగే రోజులూ ఉంటాయి. 30 కిలోమీటర్ల లింకుకు మధ్యలో భూమి ఉబ్బు (భూమి గుండ్రంగా ఉండటం వల్ల దారికి అడ్డొచ్చే ఎత్తు) మామూలుగా సుమారు 13 మీటర్లు. అలాంటి రోజున 26 మీటర్ల దాకా లెక్కవేయాలి. దానిపైన 5.8 గిగాహెర్ట్జ్ తరంగానికి దాదాపు 12 మీటర్ల ఖాళీ కావాలి కనుక, తాటిచెట్ల ఎత్తూ కలిపి చూసుకోండి. సిగ్నల్ మిగులు (లింకు నడవడానికి కావలసినదానికన్నా అదనంగా ఉండే బలం) 25 డెసిబెళ్లకు తగ్గకుండా ఉంచడం మేలని నా అనుభవం. తీరం వెంట పోయే ముఖ్యమైన లింకుకు వేరే ఎత్తులో రెండో డిష్ పెట్టడం ఖర్చే అయినా, పవర్ పెంచడం కంటే అదే నయం.

రేడియో పెట్టెకు నీడ కల్పించండి. బ్యాటరీ గది 25 డిగ్రీలు దాటి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మితే, ఉరుము వినబడకముందే టవర్ దిగిపోవాలి.