హోములో బడి నడపాలంటే

కేసుల్లో ఇరుక్కున్న పిల్లలను విచారణ అయ్యేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోములో పాఠం చెప్పడానికి వెళ్తున్నారా? ‘మిగతాది రేపు చూద్దాంరా’ అనే అలవాటు గేటు దగ్గరే వదిలేయండి. రేపు ఆ పిల్లాడికి బెయిల్ రావచ్చు. కొత్తలో నేను భిన్నాలు మూడు రోజులకు పంచుకుని వెళ్లాను. రెండో రోజుకి తొమ్మిది మందిలో నలుగురు లేరు, ముగ్గురు కొత్తవాళ్లు కూర్చున్నారు. అప్పటినుంచి ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, తప్పు చేశాడని తేలిన పిల్లాణ్ని స్పెషల్ హోముకు పంపితే 3 ఏళ్ల దాకా ఉంచవచ్చు. సిలబస్ ప్లాన్లు ఆ పిల్లలకు వేసుకోండి.

ఏం కేసని అడగొద్దు. ఏ క్లాసని అడిగినా లాభం లేదు, అందరూ ఎనిమిదే అంటారు. నేను పేపర్లో సినిమా పేజీ ఇచ్చి పక్కవాడికి చదివి వినిపించమంటాను. చాలు, తెలిసిపోతుంది.

రొయ్యల చెరువుల మీద పనిచేసి వచ్చిన ఒక కుర్రాడు భాగహారం రాదని నోట్సు తోసేశాడు.

“యాభై కౌంటంటే ఏంట్రా?”

“కేజీకి యాభై రొయ్యలు తూగుతాయండి.”

“మరి ఒక్కోటి ఎంత?”

“ఇరవై గ్రాములండి. అదీ తెలీదాండి మాస్టారూ?”

“నువ్విప్పుడు చేసింది భాగహారమేరా.”

నోట్సు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. 40 కౌంటుకి 25 అని రాశాడు. 30 కౌంటు దగ్గర ఆగాడు: “ముప్పై మూడొచ్చి పది మిగిలిపోతుందండి.” ఆ మిగిలిన 10 గ్రాములతోనే దశాంశాలు మొదలుపెట్టాం.

పెన్సిళ్లు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. మెండర్ మీ జేబులోనే ఉండాలి. ఒకటి తగ్గితే నేను జేబులు వెతకను, “ఎవరి చెవి మీదుందో చూడండ్రా” అంటాను. ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

గోదారి పొంగి లంకల్లోంచి అమ్మలు రాలేకపోతే, ఆ వారం లెక్కలు బుర్రకెక్కవు. ఉత్తరాలు రాయించండి. దీర్ఘాలూ వత్తులూ అందులోనే దిద్దొచ్చు.

ఇక కాగితాలు. 14 నిండితే ఓపెన్ స్కూల్లో పదికి కట్టించవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలని లేదు, బయటికెళ్లాక మిగతావి రాసుకోవచ్చు. అందుకే అప్లికేషన్‌లో ఇంటి అడ్రసే రాయించండి. పిల్లాడి వివరాలు బయటపెట్టకూడదని చట్టంలో 74వ సెక్షనే ఉంది. ఇది చదివి కూడా నేనొక తప్పు చేశాను. టీసీ కోసం ఒక బడికి పంపిన కవరు మీద హోము ముద్ర పడింది, చూసుకోలేదు. వారం తిరక్కుండా వాడి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఎంత ఆలస్యమైనా సరే, అమ్మనో నాన్ననో పంపే తెప్పిస్తాను.

వెళ్లిపోయేటప్పుడు వాడి నోట్సు వాడి చేతికిచ్చేయండి. పైన హోము పేరుంటే మాత్రం కొత్త అట్ట వేసి ఇవ్వండి.