డ్యూటీ ఫ్రీ దుకాణంలో నిజంగా ఎంత మిగులుతుందో లెక్క కట్టడం ఎలా

విదేశాల్లోని పిల్లలను చూసి విజయవాడకో గుంటూరుకో తిరిగివచ్చే పెద్దలలో చాలామంది దుబాయ్, దోహా, సింగపూర్ విమానాశ్రయాల దుకాణాల మీదుగానే వస్తారు. అక్కడ పన్ను లేదన్న మాట నిజమే. అయితే ఆ దుకాణాలు విమానాశ్రయానికి చెల్లించే అద్దె కూడా ధరలోనే కలుస్తుంది కాబట్టి, తగ్గిన పన్నంతా మన జేబులోనే మిగులుతుందని అనుకోకూడదు. బయట ఏ వస్తువు మీద పన్ను భారం ఎక్కువో, ఆ వస్తువు మీదే అక్కడ చెప్పుకోదగిన తగ్గింపు దొరుకుతుంది.

మద్యం అటువంటిదే. సెంట్లు, చాక్లెట్లు, ఫోన్ల సంగతి వేరు. యూఏఈలో వ్యాట్ 5 శాతం మాత్రమే కనుక, అది తీసేసినా ధరలో పెద్ద తేడా రాదు. ఫోన్ కొనేవారు దాని వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కూడా అడగాలి. చెల్లకపోతే విజయవాడ బందరు రోడ్డులో కొనడమే మేలని నా అభిప్రాయం.

ప్రయాణానికి ముందే, కొనదలచిన వస్తువు బీసెంట్ రోడ్డులోనూ ఆన్‌లైన్‌లోనూ ఎంతకు దొరుకుతోందో పరిమాణంతో సహా రాసి పెట్టుకోండి. పరిమాణం ఎందుకంటే, విమానాశ్రయాల్లో తరచుగా లీటరు సీసాలు అమ్ముతారు, బయట 750 మిల్లీలీటర్లవి ఉంటాయి. లీటరు 30 డాలర్లు, 750 మిల్లీలీటర్లు 25 డాలర్లు అనుకుంటే, వంద మిల్లీలీటర్లకు మొదటిది 3 డాలర్లు, రెండోది సుమారు 3.33 డాలర్లు పడుతుంది. పైకి ఖరీదుగా కనిపించినదే చవక. సెంటు సీసాలకూ, కలిపి కట్టిన ప్యాకెట్లకూ ఇదే లెక్క వేయండి.

కార్డు గీసేటప్పుడు రూపాయల్లో చెల్లిస్తారా అని యంత్రం అడిగితే ఒప్పుకోకుండా, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల్లోకి అక్కడే మార్చే రేటు సాధారణంగా మనకు నష్టం. విదేశీ చెల్లింపులపై మీ బ్యాంకు వేసే అదనపు రుసుమును కూడా ముందే కనుక్కుని ధరకు కలపాలి. దానితోనే చిన్న తగ్గింపులు హరించుకుపోతాయి.

సింగపూర్‌లో నగర దుకాణాలను మరిచిపోవద్దు. ఒక్కో దుకాణంలో కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు చేసిన పర్యాటకులు, ఆ దుకాణం పర్యాటకుల పన్ను వాపసు పథకంలో ఉంటే, 9 శాతం జీఎస్టీలో రుసుము పోగా మిగిలినది తిరిగి పొందవచ్చు.

మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం మనిషికి 2 లీటర్ల మద్యం, 100 సిగరెట్లు దాటితే సుంకం పడుతుంది. బంగారు నాణేలు, బిస్కెట్లు ఉచిత పరిమితిలోకి రావు. మహిళలకు 40 గ్రాములు, పురుషులకు 20 గ్రాముల ఆభరణాల మినహాయింపు ఏడాదికి మించి విదేశంలో నివసించి వచ్చేవారి కోసం ఉద్దేశించినది. పది రోజుల యాత్రకు వెళ్లినవారు దానిని నమ్ముకుని నగలు కొనకూడదు.

మధ్యలో మరో విమానం మారాల్సి ఉంటే, ద్రవాలను ముద్రవేసిన సంచిలోనే, బిల్లుతో సహా, చివరి భద్రతా తనిఖీ దాటేవరకూ విప్పకుండా ఉంచండి. శంషాబాద్‌లో దిగేవారైతే దిగినవారి కోసం అక్కడ ఉండే డ్యూటీ ఫ్రీ దుకాణంలో ధరను పోల్చి చూసి కొనుక్కోవచ్చు. అప్పుడు సీసాలను దారి పొడవునా మోసుకురావలసిన పని ఉండదు, అయితే అవి కూడా ఆ 2 లీటర్ల లెక్కలోకే వస్తాయి.