కోనసీమకు కారులో వస్తున్నారా, రావులపాలెం దాటిపోకండి

విశాఖ వైపు నుంచి కొత్తపేట, అమలాపురం వచ్చేవాళ్లకి ఓ మాట. కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే 16వ నంబరు హైవే ఇది (2010లో నంబర్లు మార్చినా మనవాళ్లకి ఇంకా ఐదో నంబరే), లారీలు జోరు మీదుంటాయి, కాబట్టి జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీదే ఎడమ లేన్‌లోకి వచ్చేయండి, వంతెన దాటాక రావులపాలెంలో ఎడమకి దిగిపోవాలి. ఫోన్‌లో మ్యాప్ చెప్పేదాకా ఆగితే దాటిపోతారు. దాటిపోతే మళ్లీ వశిష్ఠ వంతెన, అవతల సిద్ధాంతం. అయినా పర్లేదు, ముందుకెళ్లి తిరిగి రండి గానీ రివర్స్ గేర్ మాత్రం వేయొద్దు, రాంగ్ రూటులో అసలు రావొద్దు.

యానాం, ముమ్మిడివరం వైపు పనుంటే ఇంత దూరం రావక్కర్లేదు, కత్తిపూడిలోనే 216 పట్టుకుని కాకినాడ మీదుగా వచ్చేయొచ్చు.

బండి ఆగిపోతే 1033కి చేయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. ఎక్కడున్నారని అడిగితే "గోదావరి దాటాక" అంటే ఏ పాయో వాళ్లకేం తెలుస్తుంది, పక్కనున్న కిలోమీటరు రాయి మీద నంబరు చదివి చెప్పండి.