లాక్ పడ్డాక కూడా మడత చాకు మూసుకుపోతోందా?

తెరిస్తే టక్కుమని లాక్ పడుతుంది. బ్లేడు మొద్దు వైపు నొక్కితే మాత్రం లైనర్ (పిడి లోపల ఉండి, తెరిచిన బ్లేడు వెనక ఆనుకునే పలచని రేకు) పక్కకు జారి చాకు మూసుకుపోతుంది. (నొక్కి చూసేటప్పుడు పదును కిందకి వేళ్లు రానివ్వకండి.) వెంటనే "అరిగిపోయింది" అని తేల్చేసి, పట్టకారుతో లైనర్ వంచేవాళ్లే ఎక్కువ. ముందు పివట్ స్క్రూ, అంటే బ్లేడు తిరిగే ఇరుసు దగ్గరి మర, చూడండి. బ్లేడు పక్కలకు ఆడుతుంటే కొద్దిగా బిగించండి. తర్వాత టార్చి వేసి లాక్ సందు చూడండి. జేబులోని నూలుపోగులు, బీచ్ ఇసుక అక్కడే చేరతాయి. ఈ రెండూ చూడకుండా చాకు నా దగ్గరికి తేవద్దు.

రెండూ బాగున్నా జారుతోందంటే, లైనర్ ఎక్కడ ఆగుతోందో గమనించండి. బ్లేడు మొదట్లో, అంటే పిడిలో ఉండే చివర, అవతలి అంచు దాకా వెళ్లిపోతే అది నిజంగా అరుగుదలే. సగంలోపే ఆగి కూడా జారుతుంటే మాత్రం నేను ముందు అనుమానించేది నూనెని.

విశాఖ ఉప్పుగాలికి తుప్పు పడుతుందని నూనె వేస్తాం, వేయాల్సిందే. కానీ లైనర్ లాక్‌లో కొక్కెం ఏమీ ఉండదు. బ్లేడు మొదలు ఏడెనిమిది డిగ్రీల వాలుగా ఉంటుంది. లైనర్ కొస దాని వెనక చీలలా దూరి, రాపిడితోనే నిలుస్తుంది. అక్కడ నూనె చేరితే పట్టు పోతుంది. మీరు పివట్‌లోనే వేసినా అది సందుల వెంట పాకి అక్కడికి చేరుతుంది. వేసిన రోజు బాగానే ఉండి తర్వాతెప్పుడో జారుతుంది కాబట్టి ఎవరికీ నూనె గుర్తురాదు. కొబ్బరినూనె ఇంకా దండగ, చలికాలం పొద్దున పేరుకుని దుమ్మంతా పట్టుకుంటుంది.

సెల్‌ఫోన్ రిపేర్ వాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తెచ్చి, ఇయర్‌బడ్‌తో లైనర్ కొసనీ, అది ఆనే బ్లేడు ముఖాన్నీ తుడవండి. బడ్ తెల్లగా వచ్చేదాకా ఆపొద్దు. ఆరాక బ్లేడు ముఖానికి మార్కర్ పూసి కొన్నిసార్లు తెరిచి మూయండి. రంగు చెరిగిన చోటే లైనర్ ఆనుతోంది. ఒక మూలే చెరిగి, ఇంకా జారుతుంటే వాలు కుదరలేదన్నమాట. ఆకురాయి పెట్టకండి, కంపెనీకి పంపండి. ఇకపై నూనె ఒక్క చుక్క చాలు. మర్నాడు లాక్ ముఖం మళ్లీ తుడవండి.

బ్యాక్ లాక్ (పిడి వీపున నొక్కితే విడిపోయే రకం) అయితే గాడిలో మురికి పేరుకుంటుంది, టూత్‌పిక్‌తో తీసేస్తే సరి. స్టాప్ పిన్ (తెరిచిన బ్లేడుని ఆపే చిన్న కడ్డీ) వంగడం, లైనర్ చిట్లడం అరుదు. అలాంటి చాకుని బాగుచేసే కన్నా పక్కన పడేయడమే మంచిది.