పాత ఫోన్‌లో లినక్స్ – 3వ పాఠం: కుందేలు బొమ్మ నుంచి మొదటి లాగిన్ దాకా

పోయిన పాఠంలో మూడు పనులు అప్పజెప్పాను. ఫోన్‌లోని ఫోటోలు, నంబర్లు వేరేచోట దాచుకోవడం, బ్యాటరీ తీసి కింద స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు రాసుకోవడం, లాప్‌టాప్‌లో పీఎంబూట్‌స్ట్రాప్ అనే పరికరంతో ఇమేజ్ (ఫోన్‌లో వేయాల్సిన లినక్స్ మొత్తం ఉన్న ఫైలు) తయారు చేసుకోవడం. మొదటి పని చేయనివాళ్లు ఇక్కడే ఆగి, అది చేసుకొని రండి. ఈ రోజు మనం చేసేదానితో ఫోన్ లోపలి మెమరీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత పెళ్లి ఫోటోలు కావాలని ఎంత ఏడ్చినా రావు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. కమాండ్లను నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, పదానికీ పదానికీ మధ్య ఒక స్పేస్ వదలాలి.

ఈ పాఠాలకు నేను వాడుతున్నది షావోమీ రెడ్మీ 2. 2015లో వచ్చింది. స్నాప్‌డ్రాగన్ 410 చిప్, 1 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ. దాని వెంటే వచ్చిన రెడ్మీ 2 ప్రైమ్ శ్రీసిటీలో తయారై, అదే ఏడాది ఆగస్టులో విశాఖలో విడుదలైంది. ఆ కంపెనీ ఇండియాలో తయారు చేసిన మొదటి ఫోన్ అదే. అప్పట్లో నల్లగొండలో ఏ కాలేజీ పిల్లాడి చేతిలో చూసినా ఇలాంటిదే ఉండేది. ఇప్పుడు ఇళ్లల్లో వెతికితే టీవీ కింది సొరుగులో, పాత రిమోట్ల పక్కన దొరుకుతుంది.

పాత ఫోన్లలో దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే చిప్ వల్ల. ఆండ్రాయిడ్ కూడా లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తుంది. కెర్నెల్ అంటే చిప్‌ను, మిగతా భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్ గుండెకాయ. ఈ ఫోన్ పెట్టెలోంచి తీసినప్పుడు అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 4.4, కింద 3.10 కెర్నెల్. ఆ 3.10 వచ్చింది 2013లో. 2017 నవంబరుతో దాని మరమ్మతులు కూడా ఆగిపోయాయి. చిప్ కంపెనీ తన సొంత మార్పులతో ఒక పాత కెర్నెల్ ఇస్తుంది, ఫోన్ కంపెనీ దాని మీద తన మార్పులు చేస్తుంది, రెండేళ్లయ్యాక ఇద్దరూ చేతులు దులుపుకుంటారు. ఫోన్ బాగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం అక్కడే ఆగిపోతుంది. స్నాప్‌డ్రాగన్ 410కు మాత్రం కొందరు ఓపికపరులు కూర్చొని, అసలు లినక్స్ కెర్నెల్‌లోనే నేరుగా నడిచేలా పని చేశారు. ఆ పని మీద నిలబడిందే మనం వేసుకోబోయే లినక్స్, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్. 2017లో మొదలైంది, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ దీనికి పునాది. ఫోన్ పదేళ్లు బతకాలన్నది వాళ్ల పట్టుదల. మన రెడ్మీ 2కు ఆ పదేళ్లు నిండాయి.

ఇక పనిలోకి దిగుదాం. ముందు బ్యాటరీ.

గడియారం సెంటర్ దగ్గర ఒక చిన్న మొబైల్ రిపేరు దుకాణం ఉంది. ఈ ఫోన్ తీసుకొని కొత్త బ్యాటరీ అడగడానికి వెళ్లాను. ఆ అబ్బాయి ఏ మీటరూ తీయలేదు. నా బ్యాటరీని కౌంటరు అద్దం మీద పెట్టి వేలితో ఒక తిప్పు తిప్పాడు. అది గిర్రున తిరిగింది. "అన్నా, బొంగరం లెక్క తిరిగితే ఉబ్బినట్టే. ఇగ దీన్ని చార్జింగ్ పెట్టకు" అన్నాడు. బ్యాటరీ సమతలంగా ఉంటే అద్దాన్ని అంతటా పట్టుకొని ఆగిపోతుంది. నడుమ ఉబ్బితే ఒక్క చోటే ఆనుతుంది, అందుకే తిరుగుతుంది. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు. మీరూ గచ్చు మీదో, గాజు బల్ల మీదో పెట్టి తిప్పి చూడండి. తిరిగితే దాన్ని పొడవొద్దు, అదిమి సరిచేయాలని చూడొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. రిపేరు దుకాణంలో ఇచ్చేసి వేరేది తెచ్చుకోండి. రెడ్మీ 2కు వెనక మూత ఊడదీసి బ్యాటరీ చేత్తో మార్చుకోవచ్చు, ఆ సుఖం ఇప్పటి ఫోన్లకు లేదు.

తర్వాత కేబుల్. చార్జింగ్ ఎక్కుతోంది కదా, కేబుల్ మంచిదే అనుకుంటాం. చార్జింగ్‌కు లోపల రెండు తీగలు చాలు, ఫైళ్లు పోవాలంటే నాలుగు కావాలి. రోడ్డు పక్కన దొరికే సన్న కేబుళ్లలో చాలావాటికి ఆ రెండే ఉంటాయి. ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి ఒక ఫోటో కాపీ చేసి చూడండి. కాపీ అయితే ఆ కేబుల్‌ను పక్కన పెట్టుకోండి, ఇంట్లో వాళ్లు చార్జింగ్‌కు ఎత్తుకుపోకుండా.

డెస్క్‌టాప్ మీద చేసేవాళ్లు యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళ చూసుకొని కూర్చోండి. ఫోన్ చార్జింగ్ సగానికి పైనే ఉండాలి.

ఫోన్‌ను పూర్తిగా ఆపేయండి. వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. తెర మీద టోపీ పెట్టుకున్న కుందేలు, ఆండ్రాయిడ్ బొమ్మను మరమ్మతు చేస్తున్నట్టు కనపడుతుంది. అది ఫాస్ట్‌బూట్. ఫోన్ ఇప్పుడు ఆండ్రాయిడ్‌ను లేపకుండా, మీరు కేబుల్ మీద ఏం చెబితే అది వినడానికి సిద్ధంగా ఉంది. లాప్‌టాప్‌లో ఉబుంటు అయినా, డెబియన్ అయినా "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాస్ట్‌బూట్" అంటే ఆ పరికరం వచ్చేస్తుంది. సుడో అంటే యజమాని హక్కుతో ఆ పని చేయమనడం. కేబుల్ కలిపి "ఫాస్ట్‌బూట్ డివైజెస్" కొట్టండి. ఒక సీరియల్ నంబరు, పక్కన ఫాస్ట్‌బూట్ అన్న మాట వస్తే ఇద్దరికీ మాట కలిసినట్టే. నో పర్మిషన్స్ అని వస్తే కంగారు పడకండి, ముందు "సుడో" తగిలించి మళ్లీ కొట్టండి. అసలేమీ రాకపోతే కేబుల్ మార్చండి, లేదా యూఎస్‌బీ పోర్టు మార్చండి. నీలం రంగు కొత్త పోర్టు మొండికేసిన చోట నల్లటి పాత పోర్టు పని చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు అసలు ఘట్టం. ఫోన్ ఆన్ కాగానే కెర్నెల్‌ను లేపే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. ఫోన్‌లోని పాత బూట్‌లోడర్‌కు ఆండ్రాయిడ్‌ను లేపడం ఒక్కటే వచ్చు. కొత్త లినక్స్ కెర్నెల్‌ను తీసుకొచ్చి ముందు పెడితే అది గుర్తుపట్టదు. అందుకని మధ్యలో ఇంకో చిన్న బూట్‌లోడర్‌ను కూర్చోబెడతాం. దాని పేరు ఎల్‌కే2ఎన్‌డీ. ఎల్‌కే అంటే లిటిల్ కెర్నెల్, ఈ చిప్‌లో ముందే ఉన్న బూట్‌లోడర్ దానితో కట్టిందే. దాని మీద రెండోది కాబట్టి సెకండ్. పాత బూట్‌లోడర్ దీన్ని చూసి ఆండ్రాయిడే వచ్చిందనుకొని తలుపు తీస్తుంది. లోపలికి వచ్చాక ఇది మన కెర్నెల్‌ను లేపుతుంది. ఎంఎస్ఎం8916 అని పేరులో ఉన్న ఎల్‌కే2ఎన్‌డీ ఫైలే తీసుకోవాలి, మన చిప్ అసలు పేరు అది.

కుందేలు బొమ్మ ఉండగానే "ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్" అని, చివర ఆ ఫైలు పేరు కొట్టండి. సెండింగ్, రైటింగ్, రెండుచోట్లా ఓకే. చాలా చిన్న ఫైలు, ఇట్టే అయిపోతుంది. తర్వాత "ఫాస్ట్‌బూట్ రీబూట్" కొట్టి, ఫోన్ ఒకసారి వణికిన వెంటనే వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకోండి. ఈసారి కుందేలు రాదు. నల్లటి తెర మీద అక్షరాలతో ఎల్‌కే2ఎన్‌డీ మెనూ వస్తుంది. మీ ఫోన్ ఏదో అది గుర్తుపట్టి పేరు కూడా రాస్తుంది. ఆ పేరు మీరు రాసుకున్న మోడల్‌తో సరిపోతోందా చూడండి. సరిపోకపోతే ఇక ముందుకు పోవద్దు.

నేను బోల్తా పడింది ఇక్కడే. రెండు తెరల్లోనూ ఫాస్ట్‌బూట్ ఒకేలా పలుకుతుంది, కమాండ్లూ అవే. ఒక రాత్రి పదకొండు దాటాక, ఏ తెర ఉందో చూడకుండా, కుందేలు బొమ్మ మీదే "ఫ్లాష్ బూట్" అని మన లినక్స్ బూట్ ఫైలు పంపించాను. ఓకే వచ్చింది, నేనూ సంబరపడ్డాను. ఫోన్ ఆన్ చేస్తే లోగో దగ్గరే నిలబడిపోయింది. బూట్ విభాగంలో ఎల్‌కే2ఎన్‌డీ కూర్చున్న చోటే దీన్ని రాసేశాను, మధ్యవర్తి పోయాడు. అదే కమాండ్ ఎల్‌కే2ఎన్‌డీ తెర మీద ఇచ్చి ఉంటే అది తన చోటు వదిలి పక్కన రాసేది. ఫోన్ చచ్చిందనుకొని పడుకున్నాను. పొద్దున మళ్లీ రెండు బటన్లూ నొక్కితే కుందేలు నవ్వుతూ వచ్చింది. ఎల్‌కే2ఎన్‌డీ మళ్లీ వేశాను, అయిపోయింది. కుందేలు వస్తున్నంత కాలం ఫోన్ బతికే ఉంది, టెన్షన్ పడకండి.

ఇప్పుడు ఇమేజ్. పోయిన పాఠంలో "పీఎంబూట్‌స్ట్రాప్ ఎక్స్‌పోర్ట్" చేశారు కదా, దాని ఫలితం టీఎంపీ ఫోల్డర్ లోపల ఉంటుంది. మధ్యలో లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి ఉంటే అది కనపడదు, ఏమీ పోలేదు, ఎక్స్‌పోర్ట్ మళ్లీ ఒకసారి కొట్టండి. ఎల్‌కే2ఎన్‌డీ తెర మీద ఉండి "ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ యూజర్‌డేటా", చివర ఇమేజ్ పేరు. ఇది పెద్ద ఫైలు కాబట్టి ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒకటో ముక్క, రెండో ముక్క అని లెక్క కనపడుతుంది. ఈ సమయంలో కేబుల్ కదపొద్దు, ఫోన్ చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పెట్టండి.

బూట్, యూజర్‌డేటా. మనం ముట్టుకునే మెమరీ విభాగాలు ఈ రెండే. మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, పర్సిస్ట్ అన్న పేర్లు ఎక్కడైనా కనపడితే వాటి జోలికి పోవద్దు. ఐఎంఈఐ, సిగ్నల్ లెక్కలు, వైఫై వివరాలు అక్కడుంటాయి. అవి పోతే ఏ ఇమేజ్ వేసినా తిరిగి రావు.

"ఫాస్ట్‌బూట్ రీబూట్". ఏ బటనూ నొక్కకండి. మొదటిసారి కాస్త సమయం పడుతుంది, ఎందుకంటే మన చిన్న ఇమేజ్‌ను ఫోన్ మెమరీ మొత్తానికి సాగదీసుకుంటుంది. కేబుల్ అలాగే ఉండనివ్వండి. ఆ యూఎస్‌బీ కేబులే ఇప్పుడు నెట్‌వర్క్ తీగ. లాప్‌టాప్‌లో కొత్త నెట్‌వర్క్ కనెక్షన్ ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఈ దారిలో ఫోన్ చిరునామా 172.16.42.1. నెట్‌వర్క్ మీదుగా వేరే యంత్రంలోకి లాగిన్ అయ్యే కమాండ్ ఎస్ఎస్‌హెచ్. లాప్‌టాప్ టెర్మినల్‌లో "ఎస్ఎస్‌హెచ్", స్పేస్, పోయిన పాఠంలో పెట్టుకున్న యూజర్ పేరు, వెంటనే @ గుర్తు, ఆ అంకెలు. ఈ ఫోన్‌ను నమ్మమంటారా అని లాప్‌టాప్ అడుగుతుంది, "యెస్" అని మూడు అక్షరాలూ పూర్తిగా కొట్టాలి. తర్వాత పాస్‌వర్డ్. కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రావు, కీబోర్డు పాడైందనుకోకండి, అది అంతే.

లోపలికి వచ్చారా? "యూనేమ్ -ఆర్" కొట్టండి. అది కెర్నెల్ వెర్షన్ చెబుతుంది. 3.10తో వచ్చిన ఫోన్, 6తో మొదలయ్యే అంకె చూపిస్తుంటే ఒక నిమిషం ఊరికే చూస్తూ కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను. మా ఇంట్లో వాళ్లకు చూపిస్తే "దీంట్ల ఫోన్‌పే నడుస్తదా?" అని అడిగారు.

నడవదు. ఆండ్రాయిడ్ యాప్‌లు ఇందులో నేరుగా నడవవు, 1 జీబీ ర్యామ్‌తో వేరే దారులు వెతకడం కూడా దండగ. జియో సిమ్‌తో కాల్స్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, ఆ నెట్‌వర్క్‌లో మాట పోయేది వోల్టీ (4జీ డేటా దారిలో నడిచే కాల్) మీదనే. మనం దీన్ని ఫోన్‌గా వాడటం లేదు. అరచేతిలో పట్టే, కరెంటు పోయినా సొంత బ్యాటరీ మీద నిలబడే చిన్న సర్వర్‌గా వాడబోతున్నాం. వెనక్కి ఆండ్రాయిడే కావాలనుకుంటే, కంపెనీ ఇచ్చిన ఫాస్ట్‌బూట్ రోమ్ (ఆండ్రాయిడ్ మొత్తం ఉన్న ఫైళ్లు) కుందేలు తెర మీద నుంచి మళ్లీ వేసుకోవచ్చు.

ఆపేటప్పుడు బ్యాటరీ పీకేయకుండా "సుడో పవర్ఆఫ్" అనండి.

వచ్చే పాఠానికి మీ పని: "డీఎఫ్ -హెచ్" కొట్టి ఎంత చోటు మిగిలిందో రాసుకోండి. మా మేనల్లుడు దేవరకొండలో పదో తరగతి. వాడి పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లను ఈ ఫోన్‌లో పెట్టి, ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా నెట్ బ్యాలెన్స్ లేకుండా తెరిచేలా చేస్తాం. ముందు దీన్ని ఇంటి వైఫైకి కలపాలి. రెడ్మీ 2కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే పెట్టి ఉంటే రెండోది కూడా ఆన్ చేసి ఉంచండి.